కుడివైపు తడబాటు

నరహరి పొద్దున్నే షుగరు మాత్ర వేసుకున్నాడు. ఇడ్లీ తినలేదు. సుభాషిణి స్నానం ముగించి వచ్చేసరికి పళ్ళెం మీద మూత పెట్టింది పెట్టినట్టే ఉంది. వీధి తలుపు మాత్రం బార్లా తీసి ఉంది.

మేడ మీద వాటాలో ఉండే ఆడపడుచు కుముద చేతిలో పిండితోనే దిగి వచ్చింది. వదినా ఆడపడుచులిద్దరూ మర్రిపాలెం సందులన్నీ తిరిగారు. పాల బూత్ దగ్గర అడిగారు, పేపర్ల కొట్టు దగ్గర అడిగారు. ఎవరూ చూడలేదు. రోహిణి కార్తె నడుస్తోంది. పొద్దెక్కకుండానే గోడలు సెగలు కక్కుతున్నాయి. సముద్రం వైపు నుంచి గాలి లేదు.

స్టేషన్లో ఫోటో ఇచ్చారు. కానిస్టేబుల్ రాసుకుంటూ అడిగాడు.

"వయసు?"

"యాభై ఆరు."

"మతి సరిగా ఉండదన్నారు. ఫోనుందా ఆయన దగ్గర?"

"లేదు."

"ఇంట్లో వదిలేశారా?"

"నా దగ్గర ఉంది," అంది సుభాషిణి. "నేనే తీసుకున్నాను."

కుముద తల తిప్పి వదిన వైపు చూసింది. 

డాక్టరు ఫోనులో చెప్పిన మాటే సుభాషిణి చెవిలో తిరుగుతోంది. మాత్ర పడి తిండి పడకపోతే షుగరు దిగిపోతుందమ్మా. చెమటలు, వణుకు, తర్వాత మగత. ఈ ఎండలో ఎక్కడైనా కూలబడితే జనం తాగి పడిపోయాడనుకుంటారు. మధ్యాహ్నం లోపల దొరకాలి.

ఆ ఇంటికి కారొకటి, తాళాలు మూడు. తాళమంటే ఎవరి ఫోను వాళ్ళదే. కుముద ఫోనుతో దగ్గరికొస్తే సీటు ముందుకు జరిగి పాత పాటలు మొదలయ్యేవి. సుభాషిణి వస్తే అద్దాలు కిందికి వాలి, చల్లదనం పెరిగేది. నరహరి వస్తే సీటు బాగా వెనక్కి జరిగేది, కుడి కిటికీ అద్దం చెయ్యి పెట్టుకునేంత దిగేది. కారు ఎవరిని చూస్తే వాళ్ళదైపోయేది. "గడుసుది. అత్తగారింట్లో నెగ్గుకొచ్చే కోడలు," అని నరహరి నవ్వేవాడు.

దాన్ని ఇంకా గడుసుదాన్ని చేసింది సుభాషిణే. మధురవాడ దగ్గర కొండవాలున వాళ్ళ ప్రయోగశాల. సీటూ అద్దమూ గుర్తుపెట్టుకునే కారు మనిషి చేతిని ఎందుకు గుర్తుపెట్టుకోకూడదు అన్నదే అక్కడ వాళ్ళ పని. ఎవరు మలుపుకి ముందు ఎంత ఆగుతారు, ఎవరు ఆవును చూసి హారను కొడతారు, ఎవరు కొట్టకుండా నిలబడతారు, ఇవన్నీ కలిపితే ఒక మనిషి వాటం. పేరు కూడా అదే పెట్టారు, వాటం. చెయ్యి వణికినా, మనసు చెదిరినా, నిన్నటి చెయ్యి ఇవాళ్టి చేతికి సాయం వస్తుంది. వాటం ఒప్పుకోని కదలికకి తడబాటని పేరు. తడబాటు వస్తే కారు మెత్తగా సరిదిద్దుతుంది. నడిపేవాడికి తెలియను కూడా తెలియదు.

మొదటి పరీక్షకి ఎవరి కారు అన్నప్పుడు సుభాషిణి తనదే ఇచ్చింది. నరహరి పాలిటెక్నిక్‌లో మెకానికల్ చెప్పిన మనిషి. చెయ్యి తిరిగిన డ్రైవరు. అతను నడిపిన లెక్కల కాగితాలు చూసి ప్రయోగశాలలో అందరూ మెచ్చుకున్నారు. నెలనెలా తడబాట్లు పెరుగుతున్నాయి, ఒక్కటీ రోడ్డు మీద కనిపించడం లేదు. వాటం గెలిచిందన్నారు. సుభాషిణి మాడుగుల హల్వా తెప్పించి పంచింది. ఆ తడబాట్లు ఎందుకు పెరుగుతున్నాయని ఒక్కరూ అడగలేదు. ఆమే అడగలేదు.

ఈ మధ్యనే, అతను కుళాయి విప్పి కట్టడం మర్చిపోతున్నాడని, కుముద పోరు పెడితే నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. డాక్టరు గడియారం బొమ్మ గీయమన్నాడు. నరహరి గుండ్రంగా గీసి, అంకెలన్నీ ఒక పక్కకే కుప్ప పోశాడు.

"కానీ రోజూ కారు నడుపుకుంటూ పెందుర్తి వెళ్ళి కూరలు తెస్తారండీ! గీత కూడా పడదు," అంది సుభాషిణి.

డాక్టరు కళ్ళజోడు తీశాడు. "ఆయన నడుపుతున్నారా అమ్మా, కారు నడుపుతోందా?"

ఆ ఆదివారం ఆమె అతని ఫోను తీసి బీరువాలో పెట్టింది. అతను జేబులు తడుముకున్నాడు. సోఫా కింద వెతికాడు. ఆమె వంటింట్లో నిలబడి వింది. మర్నాడు గేటు దగ్గర కారు పక్కన చాలాసేపు నిలబడ్డాడు. కారు అతన్ని గుర్తుపట్టలేదు.

ఇవాళ నడిచిపోయాడు.

స్టేషన్ మెట్లు దిగుతూ సుభాషిణి ప్రయోగశాలకి ఫోను చేసింది. తబస్సుమ్ ఎత్తింది. వాటం లెక్కలన్నీ చూసేది ఆమే.

"తబస్సుమ్, మా కారుని ఆయన వాటంలో వదులు. డ్రైవరు లేకుండా. ఎక్కడికెళ్ళాలో చెప్పకుండా."

"మేడమ్, అది మన ప్రహరీ లోపల చేసే పరీక్ష. రోడ్డు మీదా?"

"నేను పక్క సీట్లో ఉంటాను. ఆయన ఎక్కడికి పోతారో దానికే తెలుసు. ఇంకెవరికీ తెలీదు."

"జాగ్రత్త మేడమ్. ఆపే మీట మీద చెయ్యి తియ్యకండి."

సుభాషిణి భర్త ఫోను ఒళ్ళో పెట్టుకుని ఎడమ సీట్లో కూర్చుంది. వెనక కుముద, పక్కన నీళ్ళ సీసా, గ్లూకోజు పొట్లం. డ్రైవరు సీటు వెనక్కి జరిగింది. అద్దం చెయ్యి పెట్టుకునేంత దిగింది. లోపలి అద్దం పైకి లేచి, అక్కడ లేని మనిషి కళ్ళ ఎత్తుకి సర్దుకుంది.

కారు కదిలింది. గేటు దాటగానే ఆగి, కుడి పక్క పిల్లి కోసం చూసినట్టు ఒక లిప్త నిలబడి, మళ్ళీ సాగింది. వీధి మలుపులో రెండుసార్లు పొట్టిగా హారను కొట్టింది.

"అన్నయ్యే!" అంది కుముద. కొంగు నోట్లో కుక్కుకుంది.

పేపర్ల కొట్టు దగ్గర ఆగింది. అక్కడ లేడు. ఎన్ఏడీ జంక్షన్ దాటింది. గోపాలపట్నం దాటింది. ఆటోలకి దారిచ్చింది, లారీ వెనక ఓపిగ్గా సాగింది. ఇద్దరూ చెరో కిటికీలోంచి పేవుమెంట్లన్నీ వెతుకుతున్నారు. నీలం చొక్కా కనిపించిన ప్రతిచోటా కుముద "ఆపు వదినా" అంటోంది. ప్రతిసారీ ఇంకెవరో.

పెందుర్తి రైతుబజారు పక్కన కారు ఒక వేపచెట్టు నీడ చూసుకుని ఆగింది. కూరలమ్మే ఆవిడ ఒకామె కారును చూసి లేచి వచ్చింది.

"మాస్టారేరమ్మా? మూడు రోజులై రాలేదు. ఒంట్లో బాగునేదా?"

"ఇవాళ వచ్చారా? నడిచిగానీ, ఆటోలోగానీ?"

"నేదు తల్లీ. వొస్తే కనబడరా? అయినా ఆ బాబు కారు దిగితే కదా! నానే సంచీలో ఏసి కిటికీలోంచి అందిస్తాను. ఏటి కావాల బాబూ అంటే, ఏదో ఒకటి ఇయ్యమ్మా అంటారు. ఒకరోజు ఏటయ్యిందో, కళ్ళమ్మట నీళ్ళు. ఎండకేమో అనుకున్నాను."

"ఎండకి కాదూ?" అంది కుముద.

"నాకేటి తెలుస్తాదమ్మా. మనిషి పెద్దోడు. అడగలేను కదా."

కారు మళ్ళీ కదిలింది. వచ్చిన దారినే వెనక్కి తిరిగింది. గోపాలపట్నం, ఎన్ఏడీ, వీధి మలుపులో రెండు హారన్లు. ఇంటి గేటు ముందు ఒద్దికగా ఆగి, తన పని అయిపోయినట్టు దీపాలార్పేసింది.

గోడల నీడలు పొట్టివైపోతున్నాయి.

"ఇంతేనా?" అంది కుముద. "మా అన్నయ్య ఇంతేనా?"

సుభాషిణి ఒళ్ళో ఉన్న ఫోను తిప్పి చూసింది.

"నీ కారుకి తెలిసింది మా అన్నయ్య కాదు వదినా. దానికి తెలిసింది దాని దారే. రోజూ అదే తీసుకెళ్ళింది, అదే తీసుకొచ్చింది. ఆయన ఊరికే కూర్చున్నాడు. ఆ కూరలావిడ చెప్పలేదూ, దిగడట!" కుముద ముందుకు వంగింది. "మతి పోతున్న మనిషిని నువ్వు ఇంత నేర్పుగా దాచిపెట్టావు. ఎవరికీ కనిపించకుండా. ఆఖరికి నీకు కూడా."

అందులో అబద్ధమేమీ లేదు కాబట్టి సుభాషిణికి కోపం రాలేదు. కానీ 'ఆయన ఊరికే కూర్చున్నాడు' అన్న మాట దగ్గర ఆమె మనసు ఆగిపోయింది. ఊరికే కూర్చుంటే తడబాట్లు ఎక్కడివి? తడబాటంటే కారు ఒకటి తలిస్తే చెయ్యి ఇంకొకటి తలచడమే కదా. నెలనెలా పెరిగాయి. కారు తుడిచేసింది. తుడిచేసినవే ఆయనవి. మిగిలినదంతా కారుది.

"తబస్సుమ్," అంది ఫోనులో. "నాకు వాటం వద్దు. అది సరిదిద్దినవి కావాలి. తడబాట్లు. ఎక్కడెక్కడ, ఎటువైపు."

అవతల మీటల చప్పుడు వినిపించింది.

"మేడమ్, అవి విడిగా ఉండవు. మీకు తెలుసు. వాటంలోనే కలిపి అల్లేస్తాం. అవి కావాలంటే మొత్తం విప్పాలి."

"తెలుసు."

"విప్పితే మళ్ళీ అల్లలేం. అల్లాలంటే ఆ చెయ్యి కావాలి. ఇప్పుడు సర్ చెయ్యి..."

సుభాషిణి డ్రైవరు సీటు వైపు చూసింది. ఏడాదిగా అతను భోజనాల బల్ల దగ్గర మాట వెతుక్కునేవాడు. చొక్కా గుండీలు వంకరగా పెట్టుకునేవాడు. ఆ సీట్లో కూర్చుంటే మాత్రం మునుపటి నరహరి. మోచెయ్యి కిటికీ మీద, పెదవుల మధ్య కూనిరాగం. ఆదివారాలు ఆమె పక్కన కూర్చుని కళ్ళు మూసుకునేది. ఆ మలుపులూ, ఆ ఆగడాలూ వింటుంటే ఏమీ పోలేదనిపించేది. ఆ వాటం ఉన్నంతకాలం, అతను ఉన్నా లేకపోయినా, ఒక ఫోను ఒళ్ళో పెట్టుకుంటే చాలు.

వెనక సీట్లో కుముద గ్లూకోజు పొట్లం అంచును గోటితో నలుపుతోంది.

"విప్పు," అంది సుభాషిణి.

డ్రైవరు సీటు మెల్లిగా మధ్యకి వచ్చి ఆగింది. లోపలి అద్దం ఎవరి ఎత్తుకీ కాని చోట నిలబడింది. అంతే. చప్పుడు కూడా లేదు.

"చాలా ఉన్నాయి మేడమ్. ఊరంతా అక్కడక్కడా చల్లినట్టున్నాయి," అంది తబస్సుమ్. ఆమె ఊపిరి వినిపిస్తోంది. "ఆగండి. ఒకచోట కుప్పగా ఉన్నాయి. గోపాలపట్నంలో, సింహాచలం రోడ్డు మలుపు. కుడివైపు. పెందుర్తి వెళ్తూ, దాదాపు ప్రతిరోజూ. మేడమ్, ఇవి తడబాట్లు కావు. రెండు చేతులతో లాగారు. కొన్నిసార్లు బ్రేకు కూడా తొక్కారు."

గోపాలపట్నంలోనే రైతుబజారు ఉండగా పెందుర్తి దాకా ఎందుకని ఆమె ఎన్నోసార్లు అడిగింది. అక్కడ తాజాగా ఉంటాయి అనేవాడు.

"మరి కారెందుకు పోనివ్వలేదు?"

"మేడమ్..."

"చెప్పు."

"ఆ రోడ్డు మీ ఇంట్లో అందరికీ మూసేసి ఉంది. మీ ఫోను నుంచి."

ఆ ఏర్పాటు కూడా సుభాషిణి చేసిందే. ఒక కారుని ఇంటిల్లిపాదీ వాడుకుంటారు కాబట్టి, ఒకరు వద్దని గుర్తుపెట్టిన దారి అందరికీ వద్దన్నట్టే ఉండాలని సమావేశంలో అన్నది ఆమే. "మన ఇళ్ళల్లో అంతేగా, ఆవిడ వద్దంటే ఆయన వెళ్తాడా ఏమిటి," అని ఎవరో అంటే అందరూ నవ్వారు. అలాగే రాసేశారు.

సింహాచలం రోడ్డులో షటిల్ కోర్టు ఉంది. రేకుల కప్పు, ముందు నాలుగు మెట్లు. వాళ్ళ కూతురు కృత్తిక అక్కడ ఆడేది. పదిహేనేళ్ళ పిల్ల. నరహరి తెల్లవారకముందే లేపి, పాలు తాగించి, కార్లో తీసుకెళ్ళి, ఆట అయ్యేదాకా ఆ మెట్ల మీద కూర్చునేవాడు. రెండేళ్ళ క్రితం వానాకాలంలో పిల్లకి జ్వరం వచ్చింది. డెంగీ అన్నారు. వారం తిరక్కుండా పోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు సుభాషిణి ఆఫీసుకి బయల్దేరింది. పని మీద గోపాలపట్నం వైపు వెళ్ళాల్సి వచ్చి, ఆ మలుపు చూసింది. కారు ఆపి, ఫోను తీసి, ఆ రోడ్డుని మూసేసింది. ఇంటికొచ్చి బ్యాట్లూ ఫోటోలూ అటక మీదికి చేర్చింది. ఆ తర్వాత ఇంట్లో ఆ పేరు ఎత్తలేదు. కుముద ఎత్తబోతే కళ్ళతోనే వారించేది. కొంతకాలానికి నరహరి కూడా ఎత్తడం మానేశాడు. అతనికి మరుపు మొదలైందని తెలిశాక, ఒక రాత్రి ఆమె కుముదతో అంది, "పోనీలే. అదొక్కటైనా మర్చిపోనీ. ఒకరికైనా ఆ బాధ తప్పుతుంది."

ఈసారి సుభాషిణి తన ఫోనుతో, తనే నడిపింది. మూసిన దారిని ముందు తెరవాలన్నది ఆ కంగారులో తోచలేదు. ఎండ అద్దం మీద తెల్లగా కొడుతోంది. గోపాలపట్నం మలుపులో చక్రం కుడికి తిప్పింది.

చక్రం తిరగలేదు. మెత్తగా, మర్యాదగా, ఆమె చేతుల్ని తిన్నగా తెచ్చి పెట్టింది.

మళ్ళీ తిప్పింది. రెండు చేతులతో లాగింది. భుజాలు నొప్పెట్టాయి. కారు పెందుర్తి వైపే సాగిపోతోంది. వెనక బస్సు హారను మోగిస్తోంది. రోజూ ఇంతేనా? రోజూ ఇలాగే పెనుగులాడి, గెలవలేక, కూరల సంచీ పట్టుకుని ఇంటికొచ్చి, తాజాగా ఉంటాయి అనేవాడా?

"వదినా, ఏమైంది? ఆపు!"

పక్కకి ఆపి ఫోను తీసింది. తను మూసిన దారి తెర మీద ఎర్రటి గీతగా ఉంది. తెరవమంటారా అని అడిగింది. ఆమె వెంటనే నొక్కలేకపోయింది. తర్వాత నొక్కింది.

కోర్టు తలుపులు మూసి ఉన్నాయి. సాయంత్రం ఆట మొదలయ్యేదాకా అక్కడ ఎవరూ ఉండరు. మెట్ల మీద జానెడు నీడ మిగిలింది. ఆ జానెడులో నరహరి గోడకి చేరగిలబడి ఉన్నాడు. నీలం చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఒక కాలికి చెప్పు లేదు.

"అన్నయ్యా!"

కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. చేతులు వణుకుతున్నాయి. పిలిస్తే పలకడం లేదు కానీ, గ్లూకోజు కలిపిన సీసా పెదవులకి ఆనిస్తే మింగుతున్నాడు. సుభాషిణి అతని తల తన భుజానికి ఆనించుకుంది. కుముద గుక్కగుక్కగా గ్లూకోజు నీళ్ళు పోసింది. "మింగన్నయ్యా. ఇంకొక్కటి. నా తండ్రివి కదా. ఇంకొక్కటి." అంటూనే ఒక చేత్తో అంబులెన్సుకి ఫోను చేసింది. చిరునామా చెబుతూ ఎదురుగా ఉన్న బోర్డు చదవలేక ఏడ్చింది.

కాసేపటికి వణుకు తగ్గింది. చెమట ఆరింది. అతని చూపు కుదురుకుని, ముందు మెట్లని, తర్వాత కుముదని, ఆ తర్వాత భార్యని చూసింది.

"ఏవండీ, నేను. సుభాషిణిని."

"తెలుసు," అన్నాడు, ఎందుకు చెబుతోందన్నట్టు.

"ఇంత దూరం ఎలా వచ్చారు?"

"అడిగితే చెప్పారు. ఎవరిని అడిగినా చెప్పారు." గొంతు పీలగా ఉంది. "కారు రానిచ్చేది కాదు సుభా. ఎంత లాగినా రానిచ్చేది కాదు."

కుముద అంబులెన్సు కోసం రోడ్డు మీదికి వెళ్ళింది. నరహరి ఆమె దూరం వెళ్ళేదాకా చూశాడు. తర్వాత సుభాషిణి చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. అతని ముఖంలో ఏదో నిర్ణయించుకున్న మనిషి జాగ్రత్త ఉంది. కాలేజీలో పిల్లవాడి ఇంటినుంచి చెడ్డ కబురొస్తే, వాణ్ణి క్లాసు బయటికి పిలిచి చెప్పేటప్పుడు ఆ ముఖమే ఉండేది.

"నీకెవరూ చెప్పలేదు కదూ?"

"ఏమిటండీ?"

"నేనే చెప్పాలి. ఎన్నిసార్లో అనుకున్నాను. నువ్వేమో మామూలుగా వంట చేసుకుంటున్నావు, ఆఫీసుకెళ్తున్నావు. దాని పేరే ఎత్తవు. పాపం, దీనికింకా తెలీదు, తెలిస్తే ఏమైపోతుందో అని..." అతను ఊపిరి పీల్చుకున్నాడు. "ఇంట్లో ఏడిస్తే నువ్వు ఎందుకని అడుగుతావు. అందుకని ఇక్కడికొద్దామనుకునేవాణ్ణి."

సుభాషిణి అతని వేళ్ళు వదలలేదు. రోడ్డు మీద సైరను ఇంకా వినపడలేదు.

"కృత్తిక పోయింది సుభా," అన్నాడు నరహరి. "మన అమ్మాయి పోయింది."

అది తెలుసని ఆమె చెప్పలేదు. మెట్టు మీద అతని పక్కనే, ఎండలో, పూర్తిగా కూర్చుంది.

"ఎప్పుడండీ?" అని అడిగింది. "ఎలా పోయింది? నాకు చెప్పండి."

అతను ఆమె తల నిమురుతూ, జ్వరం వచ్చిన మొదటి రోజు నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.